బడి పెరట్లో నాటు కూరల మడి: అనంతపురం పిల్లలతో నీళ్ళు, ఆకు, విత్తనం లెక్క రాయించడం ఎలా

అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. జూన్‌లో బడి తెరిచిన ఉత్సాహంలో నాటిన మొక్కలు జులై, ఆగస్టు బెట్టకు వాడిపోతాయి. మిగిలినవి వేసవి సెలవుల్లో ఎండిపోతాయి. మళ్ళీ జూన్‌లో నర్సరీ నుంచి కవరు మొక్కలు తెస్తారు. ఇలాంటి తోటలో పిల్లలు నేర్చుకునేది ఒక్కటే: మొక్కలంటే ఏటా కొనితెచ్చి చంపుకునేవని.

ఈ తీరు మారాలంటే తోట చిన్నదై ఉండాలి, మన వానకు ఓర్చుకునే మొక్కలే అందులో ఉండాలి, పిల్లల చేత మూడు లెక్కలు రాయించాలి. ఎన్ని నీళ్ళు పోశాం, ఎంత ఆకు కోశాం, ఎన్ని విత్తనాలు దాచాం. సుస్థిరత అనే పెద్ద మాట మొదటిరోజే చెప్పకపోయినా నష్టం లేదు. వాడుకున్నది మళ్ళీ దక్కేలా వాడుకోవడం ఎలాగో ఆ మూడు లెక్కలే చూపిస్తాయి. కింది కొలతలు 25, 30 మంది ఉన్న ఒక తరగతికి, నాలుగు చిన్న మడులకు సరిపోతాయి. ఇంటి పెరట్లో అయితే ఒక్క మడితో మొదలుపెట్టండి.

చోటు, నేల

బడి గదులకు తూర్పు వైపున చోటు చూడండి. పొద్దుటి నుంచి ఒంటిగంట దాకా ఎండ తగిలి, తర్వాత గోడ నీడ పడే చోటు ఆకుకూరలకు చాలు. పడమటి ఎండలో అయితే మార్చి వచ్చేసరికి తోటకూర కూడా తల వాల్చేస్తుంది. ఇంకో సంగతి గాలి. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే పడమటి గాలి జూన్ నుంచి ఆగస్టు దాకా లేత తీగలను విరిచేస్తుంది, నేలలో తడిని లాగేస్తుంది. పడమర వైపు గోడ అడ్డం లేకపోతే అక్కడ రెండు వరుసలు కంది విత్తండి. గాలికి అడ్డమూ అవుతుంది, సంక్రాంతి నాటికి పచ్చి కందికాయలూ వస్తాయి.

నేల ఎలాంటిదో పిల్లలే తేల్చాలి. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, మూత బిగించి ఐదు నిమిషాలు కుదిపి, ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంకమన్ను పొరలు కడతాయి. స్కేలుతో కొలిచి గీయించండి. మన ఎర్రనేలలో ఇసుక పొరే మందంగా ఉంటుంది. తర్వాత అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపి, రెండోసారి ఎంతసేపట్లో ఇంకాయో గడియారంలో చూడండి. గంటలోపు ఇంకితే పల్లపు మడి తవ్వుకోవచ్చు. నాలుగు గంటలైనా నీళ్ళు నిలిచే ఉంటే, కర్నూలు వైపు నల్లరేగడిలో ఇదే జరుగుతుంది, అక్కడ మడిని చదునుగానే ఉంచి పక్కన నీరు పోయే కాలువ తీయాలి.

పల్లపు మడి తవ్వడం

ఇంటి తోటల వీడియోల్లో మట్టి ఎత్తు చేసి, చుట్టూ ఇటుకలు పేర్చి మడి కడతారు. వానలు ఎక్కువున్న చోట అది సరైన పద్ధతి. మన దగ్గర ఎత్తు మడి నాలుగు వైపులా గాలికి ఆరిపోతుంది, పోసిన నీళ్ళు అంచుల నుంచి జారిపోతాయి. ఇక్కడ మడి నేలకంటే కిందే ఉండాలి.

ఒక్కో మడి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. చిన్నపిల్లల చెయ్యి అడుగున్నర దాకా అందుతుంది కాబట్టి రెండు వైపుల నుంచీ మడిలో కాలు పెట్టకుండా పని చేయగలరు. మడుల మధ్య దారి 2 అడుగులు. నేలను ముందురోజు సాయంత్రం తడిపి, మరునాడు పొద్దున్నే పెద్దవాళ్ళు గడ్డపారతో అడుగు లోతు గుల్ల చేయాలి. పై 6 అంగుళాల మట్టి పక్కకు తీసి, రాళ్ళు ఏరి, ఆ మట్టిలో రెండు గంపల బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. అందులో కొంత మట్టితోనే మడి చుట్టూ గట్టు కట్టి, మిగతాది మడిలోకి తిరిగి వేయండి. చివరకు మడి పైభాగం దారికంటే 4 అంగుళాలు కిందుండాలి. సెప్టెంబరు జడివానకు మడి నిండిపోతే మునగకుండా, గట్టుకు ఒక చోట చిన్న తూము తీసి దానికి రాయి అడ్డం పెట్టండి. వాన ఎక్కువైతే రాయి తీయడం పిల్లల పని.

ఎరువు మాగిందో లేదో చూడకుండా వేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. పచ్చి పేడ వేడికి మొలకలు మాడతాయి, వేరుపురుగు వస్తుంది, చెద పడుతుంది. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, మట్టివాసనే వస్తుంది. పిడికిట్లో నొక్కి వదిలితే పొడిపొడిగా రాలుతుంది. పిల్లలు తినే ఆకుకూరల మడిలో జీవామృతం కూడా పోయవద్దు. అందులో ఉన్నది పచ్చి పేడే కదా, ఆకుల మీద చిట్లితే కడుపులో జబ్బులు వస్తాయి. దాన్ని మునగకు, కరివేపాకు మొదలుకు, కందికి వాడుకోండి. 10 లీటర్లకు అర కిలో పేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, చెట్టు కింది మట్టి గుప్పెడు వేయండి. నీడలో పెట్టి రోజుకు రెండుసార్లు కలుపుతూ రెండు రోజులు ఉంచి, వారంలోపు వాడేయండి.

ఏ మొక్కలు, ఎన్ని

నాటు మొక్క అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. నిజమే చెప్పండి. కంది, పెసర, ఉలవ, మునగ, కరివేపాకు, బీర, దొండ ఈ దేశంలో పుట్టినవి. గోంగూర, అలసంద పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చాయి. మిరప, టమాటా, సీతాఫలం, మన జిల్లా పొలాలను ఏళ్ళ తరబడి నింపిన శెనక్కాయ, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. ప్రపంచపటం మీద దారాలు అతికించి చూపించండి. వచ్చి స్థిరపడినవాటిని తిట్టాల్సిన పని లేదు. మడిలో చోటుకు మాత్రం మూడు షరతులు పెట్టండి: మన వానకు, రోజుకు అర బిందె నీళ్ళకు బతకాలి, దాని విత్తనమో కొమ్మో మనమే దాచుకోగలగాలి, ఊళ్ళో ఏ అవ్వకైనా దాన్ని వండటం తెలిసుండాలి. క్యాబేజీ, హైబ్రిడ్ టమాటా ఈ మూడింట్లో నిలవవు. గోంగూర నిలుస్తుంది.

మొదటి మడి ఆకుకూరలకు. తోటకూర (చిర్రాకు) 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది. ఫలితం తొందరగా చూడాలనుకునే పిల్లలకు ఇదే మొదటి పాఠం. రెండో మడిలో సగం గోంగూర, సగం బచ్చలి. బచ్చలిని జానెడు కొమ్మ, మూడు కణుపులు ఉండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటితే సరి. మూడో మడిలో అలసంద, పెసర. వీటి వేర్ల మీద ఉండే బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలో నత్రజనిని పట్టి నేలకు చేరుస్తాయి. పూత సమయంలో ఒక మొక్కను నెమ్మదిగా పీకి, బుడిపెను గోటితో చీల్చి చూపండి. లోపల ఎర్రగా ఉంటే అది పని చేస్తున్నట్టు. నాలుగో మడిని ఖాళీగా వదలండి. ఎందుకో కిందే చెప్తాం.

మడుల చివర్లలో, నేలలో పూడ్చే నీళ్ళ కుండల దగ్గర (ఆ పద్ధతి కింద చెప్తాం) బీర, దొండ, అనప (చిక్కుడు జాతి తీగ, సొరకాయ కాదు). అనప గురించి ఒక మాట గుర్తుంచుకోండి. నాటు అనప పగలు పొట్టి అయితేనే పూస్తుంది. జులై, ఆగస్టులో విత్తితే అక్టోబరు, నవంబరులో పూసి, సంక్రాంతికి పితికిపప్పుకు గింజలు ఇస్తుంది. జనవరిలో విత్తితే తీగ పందిరంతా పాకుతుంది తప్ప కాయ కానరాదు. విత్తనం చెడ్డదని పారేస్తారు, తప్పు నెలది.

చెట్లు మూడు చాలు. మునగ రెండు, కరివేపాకు ఒకటి. మునగకు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత, ఒక గంప ఎరువు, 100 గ్రాముల వేపపిండి. చేతి మణికట్టంత లావు, మూడు నాలుగు అడుగుల పొడవున్న నాటు మునగ కొమ్మను నాటండి. చిగుర్లు మూడడుగులు పెరిగాక కొనలు తుంచండి, లేదంటే కొమ్మలు పిల్లలకు అందనంత పైకి పోతాయి. కరివేపాకు విత్తనం పండు ఒలిచిన నాలుగైదు రోజుల్లోనే విత్తాలి. ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. ముసలి చెట్టు వేరు నుంచి వచ్చిన పిలక అయితే ఇంకా సులువు. మొదటి ఏడాది దాని ఆకు కోయకూడదు. ఓర్పు నేర్పే మొక్క అదే.

పొన్నగంటికి తడి కావాలి. నీళ్ళ ట్యాంకు కారే చోట, మంచినీళ్ళ కుళాయి కింద నాలుగు కొమ్మలు గుచ్చితే చాలు. చేతులు కడిగే సబ్బునీళ్ళు పారే చోట మాత్రం వద్దు.

నీళ్ళు: తోటకు ప్రాణం, పాఠానికీ ప్రాణం

ఒక మడి విస్తీర్ణం 18 చదరపు అడుగులు, అంటే సుమారు 1.7 చదరపు మీటర్లు. మామూలు రోజుల్లో దానికి రోజుకు 8 లీటర్లు, మార్చి ఎండల్లో 12 దాకా కావాలి. విత్తిన మూడు మడులకు మామూలు రోజుల్లో 24 లీటర్లు, అంటే 15 లీటర్ల ప్లాస్టిక్ బిందెతో బిందెన్నర కొంచెం పైన. ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో ముందు పిల్లలే వెతకాలి.

వంటగది దగ్గర మొదలుపెట్టండి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం లెక్క. వందమందికి 10 కిలోలు. రెండుసార్లు కడిగితే కనీసం 20 లీటర్ల కడుగు నీళ్ళు. ఇవి నేరుగా ఆకుకూరల మడికి పోయొచ్చు. కూరగాయలు కడిగిన నీళ్ళూ అంతే. సాంబారు, ఉప్పు అంటిన పళ్ళేలు కడిగిన నీళ్ళు మడిలో పోయవద్దు, నేల చౌడుబారుతుంది. వందమంది తలా అర లీటరుతో చేతులు కడిగితే 50 లీటర్లు. ఇందులో సబ్బు ఉంటుంది కాబట్టి కాలువ తీసి, మధ్యలో కంకర, ఇసుక నింపిన గుంత మీదుగా మునగ పాదుకు మళ్ళించండి.

ఇక పైకప్పు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గది కప్పు 600 చదరపు అడుగులు, సుమారు 56 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 10 మిల్లీమీటర్ల వానకు 560 లీటర్లు, చిందిపోయినవి తీసేస్తే 450 దాకా చేతికొస్తాయి. ఆరో తరగతి పిల్లలు ఈ లెక్క ఇట్టే కడతారు. అప్పుడు ఏడాది వాన 550 మిల్లీమీటర్లతో గుణించమనండి. ఒక్క గది కప్పు మీద దాదాపు 30 వేల లీటర్లు పడి పోతున్నాయని తెలిసిన పిల్లవాడు కుళాయిని తెరిచి వదిలేయడు. వాన కొలవడానికి నిటారు గోడలున్న సీసా, దాని పక్కన అంటించిన స్కేలు చాలు. అడుగు వంకరగా ఉంటే గులకరాళ్ళు వేసి, చదునైన చోటిదాకా నీళ్ళు పోసి, ఆ గీతను సున్నా అనుకోండి.

తీగలకు కుండ పద్ధతి పెట్టండి. 7, 8 లీటర్ల మట్టికుండ, రంగు వేయనిది, కావాలి. ముందురోజు రాత్రి నీళ్ళు నింపి పెడితే తెల్లారేసరికి బయట చెమ్మ కనిపించాలి. కనిపించకపోతే ఆ కుండ బాగా కాలి రంధ్రాలు మూసుకుపోయింది, పనికిరాదు. కుండను మెడ దాకా మట్టిలో పూడ్చి, చుట్టూ జానెడు దూరంలో నాలుగు పాదులు పెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. మూత తప్పనిసరి. మూత లేని కుండలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. మన బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ కాబట్టి ఏడాది తిరిగేసరికి కుండ లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. కొబ్బరిపీచుతో రుద్దినా చెమ్మ రాకపోతే కుండ మార్చండి. మడి పైన కూడా తెల్లపొర కనిపిస్తే మొదట చిక్కుడు జాతి మొక్కలు వాడిపోతాయి. అలాంటి చోట వీలైనంత కడుగు నీళ్ళు, వాననీళ్ళే వాడాలి.

ఒక ప్రయోగం తప్పకుండా చేయండి. తోటకూర మడిని మధ్యలో తాడుతో రెండు చేసి, ఒక సగానికి శెనక్కాయ పొట్టు రెండంగుళాల మందాన పరచండి. రెండో సగం వట్టిగా వదలండి. రెండింటికీ ఒకే కొలత నీళ్ళు పోసి, మూడోరోజు మధ్యాహ్నం వేలు గుచ్చి చూడమనండి. పొట్టు కింద వేలికి తడి తగులుతుంది, పక్క సగంలో దుమ్మే. పొట్టు మిల్లు దగ్గర దొరుకుతుంది. మొక్క మొదలుకు రెండు వేళ్ళ ఎడం ఉంచండి, ఆనించితే కాండం కుళ్ళుతుంది.

విత్తడం

తోటకూర గింజలు ఆవగింజకంటే చిన్నవి. 18 చదరపు అడుగులకు పావు టీస్పూను చాలు. గుప్పెడు సన్న ఇసుక, చిటికెడు బూడిద కలిపి చల్లిస్తే ఒకేచోట కుప్ప పడవు, చీమలూ తొందరగా ఎత్తుకుపోవు. పైన జల్లించిన ఎరువు పావంగుళం కప్పి, పలచగా ఎండుగడ్డి పరచి, మూతకు చిల్లులు పెట్టిన సీసాతో తడపండి. బిందెతో గుమ్మరిస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. ఎర్రనేల వాన తర్వాత పెచ్చు కడుతుంది, లేత మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. గింజల మీద మట్టి కాకుండా ఎరువు కప్పమనేది అందుకే. మూడు నాలుగు రోజుల్లో మొలకలు తెల్లగా కనిపించగానే సాయంత్రం పూట గడ్డి తీసేయండి. ఆలస్యం చేస్తే సన్నగా సాగి పడిపోతాయి. 15 రోజులకు వత్తుగా ఉన్నవాటిని వేళ్ళతో పీకి నాలుగంగుళాల ఎడం చేయించండి. పీకినవి పప్పులోకి.

ఒకటి, రెండు తరగతుల వాళ్ళకు ఈ సన్న గింజలు ఇవ్వకండి. అనప, బీర, అలసంద గింజలు వాళ్ళ వేళ్ళకు సరిపోతాయి. వేలు మొదటి గీత దాకా గుచ్చి, ఒక పాదులో మూడు గింజలు వేసి కప్పమనండి, అంగుళం లోతు తప్పదు.

ఖాళీ మడి: వానకు తానే మొలిచేవి

తోటలో పిల్లలు ఎక్కువగా నేర్చుకునే చోటు, మీరు ఏమీ నాటని ఈ నాలుగో మడే. తవ్వి, ఎరువు వేసి వదిలేయండి. మంచి వాన పడిన పది పదిహేను రోజులకు చిలకతోటకూర, చెంచలి, గంగవావిలి, గలిజేరు మొలుస్తాయి. విత్తనం కొనలేదు, నీళ్ళు మోయలేదు, అయినా కూర వచ్చింది. ఇవి పొలాల్లో కలుపు పేరుతో పోతున్నాయి, వీటి పేర్లు తెలిసినవాళ్ళు తగ్గుతున్నారు. ఊళ్ళో కూరాకు ఏరిన అనుభవం ఉన్న ఇద్దరు అవ్వలను బడికి పిలవండి. "అవ్వా, ఇదేం కూర? ఎట్లా వండాల?" అని పిల్లలే అడగాలి, అవ్వ చెప్పిన పేరే రాసుకోవాలి. ఊరుకో పేరు ఉంటుంది, పుస్తకంలో పేరుతో సరిపోకపోతే రెండూ రాయండి. కాగితాల మధ్య ఆకు ఎండబెట్టి, కింద పేరు, మొలిచిన తేదీ, దానికి ముందు పడిన వాన మిల్లీమీటర్లు రాయిస్తే ఏడాదిలో ఒక మంచి పుస్తకం తయారవుతుంది.

ఇక్కడ జాగ్రత్త చాలా ముఖ్యం. గంగవావిలిలాగే నేలబారుగా, ఎర్రటి కాడలతో పాకే నానబాలు జాతి మొక్కలు ఉంటాయి. కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే అది గంగవావిలి కాదు, తినకూడదు. గంగవావిలి ఆకు మందంగా, నీరు నిండి ఉంటుంది, తుంచితే నీళ్ళలాంటి రసమే వస్తుంది. గలిజేరును పోలినవీ ఉన్నాయి కాబట్టి అవ్వ చూసి అవునన్నదే వండాలి. రోడ్డు పక్కన, మందు కొట్టిన చేల గట్ల మీద ఏరకూడదు. ఏ ఆకైనా ముందు పెద్దల చేతికి, వండాకే నోటికి, పచ్చిగా నమలడం లేదు. ఈ నియమం గోడ మీద రాసి పెట్టండి.

అదేవిధంగా తినకూడనివి మొదటి వారంలోనే చూపించాలి: ఆముదం గింజ, నేపాళం కాయ, ఉమ్మెత్త, గురివింద, గన్నేరు, జిల్లేడు. నేపాళం కాయలు పప్పుల్లా రుచిగా ఉంటాయని తిని బడిపిల్లలు ఆసుపత్రి పాలైన సంఘటనలు దేశంలో చాలాసార్లు జరిగాయి. బడి ఆవరణలో నేపాళం, పచ్చగన్నేరు ఉంటే తీయించేయండి. ఎవరైనా తింటే బలవంతంగా కక్కించవద్దు. తిన్న కాయనో ఆకునో చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, 108కి ఫోన్ చేయండి.

ఈ మడి దగ్గరే ఇంకో సంగతి చెప్పొచ్చు. వేసవిలో మనం తాగే నన్నారి వేరు నుంచి వస్తుంది. ఆకు కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. నల్లమల, శేషాచలం కొండల్లో నన్నారి తీసే మారేడు గడ్డలు తగ్గిపోవడానికి ఈ తవ్వకమే ముఖ్య కారణం. తోటకూరను నేలకు రెండంగుళాలు పైన కోయించి, పక్కనే ఒక మొక్కను వేరుతో పీకించి, పది రోజుల తర్వాత రెండు చోట్లా చూడమనండి. నన్నారి సంగతి ఇక వివరించాల్సిన పని ఉండదు.

లెక్కపుస్తకం

పొడవాటి రిజిస్టరు ఒకటి, మడికో పేజీ. తేదీ, పోసిన బిందెలు, వాన, కోసిన ఆకు గ్రాముల్లో. వంతులవారీగా ఐదుగురు పిల్లల జట్టు వారం పాటు చూడాలి. శనివారం జట్టు మారేటప్పుడు పాతవాళ్ళు కొత్తవాళ్ళకు లెక్క చదివి అప్పగించాలి. ఉదాహరణకు ఒక నెలలో తోటకూర మడికి 14 బిందెలు, అంటే 210 లీటర్లు పోసి 2 కిలోల ఆకు కోస్తే, కిలో ఆకుకు 105 లీటర్లు. పొట్టు పరిచిన సగానికి, వట్టి సగానికి విడివిడిగా కట్టండి. మరుసటి నెల ఆ అంకె తగ్గించడమే పోటీ. మొక్క ఎండిపోతే దాచకుండా ఎండిందని, ఎందుకో రాయించండి. "ఆదివారం ఎవరూ నీళ్ళు పోయలేదు" అన్న వాక్యం ఆ పుస్తకంలో చాలా విలువైనది.

చెద, పేనుబంక, గొంగళి, మేక

ఎండు పొట్టు, ఎండిన నేల కలిస్తే చెద వస్తుంది. పొట్టు పరిచే ముందు మడి తడిపి ఉండాలి. అనప, అలసంద కొనల మీద నల్లగా పేనుబంక కమ్మితే మొదట నీళ్ళు గట్టిగా చిమ్మి రాల్చండి. తగ్గకపోతే 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం కొట్టండి. అక్షింతల పురుగులు కనిపిస్తే కొట్టకండి, అవి పేనుబంకను తింటాయి. లెక్కపెట్టే పని పిల్లలకివ్వండి.

మునగకు వానాకాలంలో బొచ్చు గొంగళి పురుగులు మాను మీద గుంపుగా చేరతాయి. బొచ్చు తగిలితే ఒళ్ళు దద్దుర్లు తేలుతుంది. చాలాచోట్ల ఈ భయంతో చెట్టునే నరికేస్తారు. అవి పగలు మాను మీద గుంపుగా ఉన్నప్పుడే పెద్దవాళ్ళు పొడవాటి కర్రకు గోనెగుడ్డ చుట్టి, సబ్బునీళ్ళలో ముంచి తుడిచేస్తే సరిపోతుంది. ఆ వారం పిల్లలను చెట్టు కిందికి పోనివ్వకండి.

మేకల నుంచి కాపాడటానికి వాక్కాయ కంచె మూడడుగులకొకటి నాటండి. అది చిక్కబడటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా సర్కారు తుమ్మ కంప వేసుకోవచ్చు, ముళ్ళు బయటి వైపుండేలా, కాయలు దులిపేశాకే. కాయలతో తెస్తే మరుసటి ఏడాది మీ తోటలో అదే మొలుస్తుంది.

కోత, వంట

వందమంది బడికి ఒక్కొక్కరికి 50 గ్రాముల కూర లెక్కన రోజుకు 5 కిలోలు కావాలి. నాలుగు మడుల తోట అంత ఇవ్వదు. రెండు వారాలకోసారి పప్పులో కలపడానికి ఆకు వస్తుంది, అది చాలు. పొద్దున్నే కోసి, మూడుసార్లు కడిగి, తూకం వేసి వంట ఆయమ్మ చేతికివ్వాలి. గంగవావిలి, తోటకూరల్లో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వార్చేయడం మంచిది. బీరకాయ, సొరకాయ కోసిన ప్రతిసారీ పెద్దవాళ్ళు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడాలి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, ఆ చేదు విషం, ఉడికించినా పోదు. ఆ తీగ నుంచి విత్తనమూ తీయవద్దు. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున తరగతి గదిలో పళ్ళేల చుట్టూ కూర్చుని పితికించండి. పప్పు జారి ఎగిరిపడుతుంటే పిల్లలు లేవమన్నా లేవరు. రాగి సంగటితో పితికిపప్పు పెట్టిన రోజు అనప ఎక్కడిది, ఎన్నాళ్ళు పట్టిందని పిల్లలే ఇంట్లో చెప్తారు.

విత్తనం, నాగు, సెలవులు

ప్రతి మడిలో బాగా పెరిగిన మూడు నాలుగు మొక్కలకు ఎర్రదారం కట్టి, కోయకుండా వదలండి. దారం కట్టిన మొక్క అందరిదీ, ఎవరూ తుంచరాదు. మొదట కాసిన మంచి కాయలనే విత్తనానికి ఉంచాలి. అందరూ తినగా చివర మిగిలిన గిడసబారిన కాయలు ఉంచితే ఏటికేడు పంట చిన్నబోతుంది. బీర తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనాలి. అనప, అలసంద గింజ పంటి కింద కటుక్కుమని విరగాలి, పంటి గాటు పడితే ఇంకా తడి ఉన్నట్టు. నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, గాజు సీసాలో పోసి, పేరు, నెల రాసి అంటించండి.

మన పల్లెల్లో విత్తనం నాగుకు ఇచ్చే అలవాటు ఉండేది. తీసుకున్నదానికి వడ్డీ కలిపి ధాన్యంగానే తిరిగి ఇవ్వాలి. అదే పద్ధతి బడిలో పెట్టండి. జూన్‌లో పిల్లకు పది అనప గింజలు ఇచ్చి ఇంటిదగ్గర వేసుకోమనండి. ఫిబ్రవరిలో ఇరవై తిరిగి ఇవ్వాలి. మేక తినేసిందంటే బాకీ వచ్చే ఏడాదికి మోయొచ్చు, మాఫీ మాత్రం లేదు.

ఏప్రిల్‌లో సెలవులకు పది రోజుల ముందు విత్తన గుళికలు చేయించండి. అలసంద, పెసర, ఉలవ, కంది, సజ్జ, కొర్ర కలిపి 200 గ్రాములు పళ్ళెంలో పోసి, నీళ్ళు చిలకరిస్తూ జల్లించిన చెరువుమట్టి చల్లుతూ పళ్ళెం గుండ్రంగా తిప్పితే గింజల చుట్టూ మట్టి అంటుకుంటుంది. చివర బూడిద పొర వేసి నీడలో ఆరబెట్టండి. జొన్న వేయకండి. బెట్టలో ఉన్న లేత జొన్న మేసిన పశువుకు నాము అనే విషం తగులుతుంది, సెలవుల్లో కంచె ఎవరు చూస్తారు? ఖాళీ అయిన మడుల్లో ఈ గుళికలు చల్లి, పైన నాలుగంగుళాల ఎండుగడ్డి, పొట్టు కప్పి వెళ్ళండి. మేలో ఒక మంచి వాన పడితే చాలు, పిల్లలు తిరిగొచ్చేసరికి మడి పచ్చగా ఉంటుంది. మట్టిపూత ఉన్నందువల్ల చిరుజల్లుకే మొలిచి మాడిపోవడం, చీమలు ఎత్తుకుపోవడం తగ్గుతాయి.

మునగకు, కరివేపాకుకు, కుండలకు ఆ ఏడు వారాలు నీళ్ళు పోసే బాధ్యత బడి పక్కింటి వాళ్ళకు అప్పగించండి. బదులుగా సెలవుల్లో మునగాకు, మునక్కాయలు కోసుకునే హక్కు వాళ్ళదే. వట్టి మాటగా అడిగితే రెండో వారానికి మరిచిపోతారు, కూరాకు దక్కుతుంటే మరువరు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం సీసాలు దించండి. ఒక్కో రకం నుంచి 20 గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి, ఐదు రోజులు తడి ఆరకుండా ఉంచి విప్పండి. 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ మొలిస్తే మామూలుగా విత్తండి. 10 నుంచి 15 మొలిస్తే పాదుకు ఒక గింజ ఎక్కువ వేయండి. అంతకంటే తక్కువైతే ఆ సీసా వదిలేసి, నాగు తిరిగి ఇచ్చిన పిల్లల ఇంటి విత్తనం నుంచి తీసుకోండి.